అప్‌డేట్: ఇన్సూరెన్స్ స్టార్టప్‌లో చేరి ఆరు నెలలైంది

పాత కంపెనీలో క్లెయిమ్స్ పని వదిలేసి బెంగళూరు స్టార్టప్‌కి వెళ్లనా అని అడిగాను కదా, వెళ్లాను. జీతం బాగుంది. మేనేజర్లే, అప్పుడే ముగ్గురు మారారు. టీమ్ పన్నెండు నుంచి నలభై అయింది. సగం మందికి కో-పే (బిల్లులో పాలసీదారు సొంతంగా కట్టుకునే వాటా) అంటే ఏంటో నేనే చెప్తున్నా.

అసలు ఒత్తిడి గడియారంతోనే. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్ (ఆసుపత్రి బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టాలన్న అభ్యర్థన) గంటలో, డిశ్చార్జి అప్పటి ఫైనల్ బిల్లు 3 గంటల్లో తేల్చాలి. మొన్న రాత్రి పదకొండింటికి గుంటూరు నుంచి ఒకాయన, "అమ్మా, మావాడు బట్టలు మార్చుకుని కూర్చున్నాడు, ఇంకా వదలట్లేదు" అన్నారు. డిశ్చార్జి సమ్మరీ ఫొటో మసగ్గా ఉంది, మా గొప్ప సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. నేనే జూమ్ చేసి చదివి అప్రూవ్ చేశా.

ఈసాప్‌ల (ఉద్యోగులకి కంపెనీ ఇస్తానన్న షేర్ల) గురించి హెచ్చరించినవాళ్లకి థ్యాంక్స్. ఏడాది నిండేదాకా ఒక్క షేరూ నాది కాదట.