ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు: ఉన్న డిస్కును పంచాలా, ఇంకొకటి కొనాలా?

ప్రశ్న (పర్లాకిమిడి):
నమస్కారం. పర్లాకిమిడిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలను తెలుగులో అను ఫాంట్లతోనూ, ఒడియాలో ఆకృతి ఫాంట్లతోనూ పేజ్‌మేకర్‌లో కూర్చుతాం కనుక విండోస్‌ను వదులుకోలేము. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయికి మాత్రం రాత్రిపూట అదే డెస్క్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కావాలి. యంత్రంలో ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్న 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఖాళీ 60 జీబీ లోపే. డిస్కును రెండుగా పంచాలా, వర్చువల్ మెషీన్ (విండోస్ లోపలే ఉబుంటును నడిపే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకోవాలా? పెళ్లిళ్ల రోజుల్లో షాపు ఒక్క పూట ఆగినా మాకు కష్టం.

జవాబు (రాయగడ):
8 జీబీ ర్యామ్‌తో వర్చువల్ మెషీన్ జోలికి వెళ్లకండి. విండోస్ తన వంతు తీసుకున్నాక మిగిలినదానితో ఉబుంటు నత్తనడక నడుస్తుంది. డిస్కును పంచవచ్చు గానీ, 25 జీబీతో మొదలైన ఉబుంటు మీ అబ్బాయి ప్రాజెక్టులు చేరేకొద్దీ మీ శుభలేఖల చోటు అడుగుతుంది. రెండో ఎస్‌ఎస్‌డీ కొని, ఉబుంటు ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు కేబుల్ ఊడదీసి ఉంచండి. అప్పుడు బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఉబుంటును లేపే చిన్న ప్రోగ్రాం) కొత్త డిస్కులోనే కూర్చుంటుంది, ఒక డిస్కు పోయినా రెండోది తన పాటికి తాను లేస్తుంది.

జవాబు (బరంపురం):
నేనూ అదే అంటాను. అయితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను (త్వరగా తెరుచుకునే సదుపాయాన్ని) తప్పక ఆపివేయండి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా మూతపడదు కనుక, దాని డిస్కులోని ఫైళ్లను ఉబుంటు చదవనిస్తుందే గానీ రాయనివ్వకపోవచ్చు. గడియారం సంగతీ చూసుకోండి: ఉబుంటు యంత్రం గడియారంలో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక) సమయాన్ని రాస్తే విండోస్ దాన్నే మన సమయంగా చదువుతుంది. ఉదయం పది గంటలకు నేనిచ్చిన రసీదు మీద 4:30 అని పడితే, ఖాతాదారు నన్ను ఎగాదిగా చూశారు. ఉబుంటును స్థానిక సమయం వాడేలా మార్చాక ఆ తేడా పోయింది.

జవాబు (గుణుపురం):
అబ్బాయిది మొదటి ఏడాదే అయితే విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే ఉబుంటును వాడుకోనిచ్చే సదుపాయం) సరిపోవచ్చు, ఖర్చూ ఉండదు. ఏది చేసినా బయోస్‌లో (యంత్రం మొదటి సెట్టింగులలో) సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే తనిఖీని) కదిపే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉందేమో చూసుకోండి. రికవరీ కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు.

ప్రశ్న అడిగినవారు:
అబ్బాయిది మూడో ఏడాది, ఉబుంటును పూర్తిగానే నేర్చుకోవాలంటున్నాడు. రెండో డిస్కే కొంటున్నాము. చూస్తే బిట్‌లాకర్ నాకు తెలియకుండానే ఆన్‌లో ఉంది. దాని రికవరీ కీలోని 48 అంకెలూ షాపు ఖాతా పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.