12 ఏళ్ల పాపకి లైపోప్రొటీన్ ఎ పరీక్ష చేయించాలా?

కృష్ణ_ఒడ్డు: పోయినేడు మా వారికి 41 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. తర్వాత చేసిన పరీక్షల్లో లైపోప్రొటీన్ ఎ 96 అని వచ్చింది. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువట. పిల్లలకీ ఒకసారి చూపించమన్నారు డాక్టరు గారు. పాపకి 12 ఏళ్లు, సన్నగా ఉంటుంది, పెద్దమనిషై ఆరు నెలలైంది. ఇప్పుడే ఎందుకీ టెన్షన్ అంటున్నారు ఇంట్లో.

ల్యాబ్_మాష్టారు: చేయించండమ్మా. నేను ఇరవై ఏళ్లుగా ల్యాబులోనే ఉన్నాను. చెడు కొలెస్ట్రాల్ రేణువుకి ఇంకో ప్రొటీన్ అతుక్కుని ఉంటే అదే లైపోప్రొటీన్ ఎ. ఎంత ఉంటుందనేది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. సన్నగా ఉన్నారా, లావుగా ఉన్నారా అని చూడదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే రక్తంలో కొవ్వుల పరీక్షలో, కనపడదు, విడిగా రాయించుకోవాలి.

పల్లె_వంట: మా నాయనమ్మ రోజూ నెయ్యి తిని 91 ఏళ్లు బతికింది. ఇంటి తిండి పెట్టండి చాలు.

ఓరుగల్లు_అక్క: తొందరపడకండి. 2024లో మన కార్డియాలజిస్టుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి లిపిడ్ పరీక్ష 18 ఏళ్లకి అన్నారు. పైగా పిల్లలు ఎదిగే వయసులో కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది, ఇప్పుడు చూస్తే లెక్క సరిగా తెలియదు. మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు చేయించాం. ట్రైగ్లిజరైడ్లు, అదే రక్తంలో ఇంకో రకం కొవ్వు, 140 వచ్చాయి. ఇక చూడండి, అన్నం మానేసింది. స్కూల్లో కళ్లు తిరిగి పడిపోయింది.

ల్యాబ్_మాష్టారు: ఆ మార్గదర్శకాల్లోనే, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే 18 కన్నా ముందే చూడమన్నారు అక్కగారూ. ఎదిగే వయసులో తగ్గేది మామూలు కొలెస్ట్రాల్, దానికీ దీనికీ సంబంధం లేదు. మీ అమ్మాయిది పరగడుపున తీశారా? పదేళ్లు దాటిన పిల్లల్లో ట్రైగ్లిజరైడ్లు 90 లోపు ఉండాలి, 130 నుంచి ఎక్కువ కింద లెక్క. తిని వెళ్తే పెరిగి చూపిస్తుంది.

హరి_గుంటూరు: ఇంతకీ దీనికి పరగడుపున వెళ్లాలా?

ల్యాబ్_మాష్టారు: లైపోప్రొటీన్ ఎ ఒక్కదానికైతే అక్కర్లేదు.

ఓరుగల్లు_అక్క: నా బిడ్డ పడిపోయిందని చెబుతుంటే పరగడుపా కాదా అని అడుగుతారా? మీకు అంకె తప్పితే మనిషి కనపడదా? సరే, ఎక్కువే వచ్చిందనుకోండి. తగ్గించే మందు ఏదండీ?

ల్యాబ్_మాష్టారు: ప్రత్యేకంగా దీని కోసమే ఆమోదించిన మందు ఇంకా లేదు, నిజమే. కానీ తెలిస్తే చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ పెరగకుండా చిన్నప్పటి నుంచే చూసుకోవచ్చు. మా అక్క 44 ఏళ్లకి పోయింది. రెండు రోజులు ఛాతీలో మంట అంటే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చాం. ఆడవాళ్లకి గుండెపోటేంటి అన్నారు మా ఇంట్లో. ఆమెకి ఏనాడూ ఒక్క రక్తపరీక్ష చేయించలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హరి_గుంటూరు: కృష్ణ గారూ, డాక్టరు "పిల్లలకీ" అన్నారని రాశారు. పాప ఒక్కతేనా?

కృష్ణ_ఒడ్డు: తొమ్మిదేళ్ల బాబు కూడా ఉన్నాడండి. వాడికి రెండు నెలల క్రితమే చేయించాం, 22 వచ్చింది. ఎవరూ వద్దనలేదు. పాప దగ్గరికొచ్చేసరికి మా అత్తయ్య, రేపు సంబంధాలొచ్చినప్పుడు ఈ కాగితం అడ్డమొస్తుంది అన్నారు. మొదటే రాయాల్సింది. రాయలేకపోయాను.

ల్యాబ్_మాష్టారు: అదీ అసలు సంగతి! కొడుక్కైతే జాగ్రత్త, కూతురికైతే గుట్టా?

ఓరుగల్లు_అక్క: నేను గుట్టుగా ఉంచమనలేదు. ఆ అంకె బయటికొస్తే చుట్టాలు ఏం మాట్లాడతారో నేను పడ్డాను. మా ఆడపడుచు నలుగురిలో మా పిల్ల పళ్లెంలో పూరీ తీసి పక్కన పెట్టింది. అప్పటి నుంచే తిండి మానేసింది. పరీక్ష వల్ల కాదు. ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది.

వెన్నెల23: నాకూ ఎక్కువే ఉంది. 15 ఏళ్లప్పుడు చూశారు, నాకు మాత్రం 21కి చెప్పారు. అంకె కన్నా దాచినందుకే ఎక్కువ ఏడ్చాను. పాపని అడిగారా అక్కా?

కృష్ణ_ఒడ్డు: తమ్ముడికి రక్తం తీసిన రోజే నాకెప్పుడు అని అడిగింది. మాట మార్చాను. ఈ శనివారం తీసుకెళ్తున్నాం, మా వారూ వస్తానన్నారు. రిపోర్టు ముందు తనకే చెబుతాం.

ల్యాబ్_మాష్టారు: యూనిట్ చూసుకోండమ్మా. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, అందులో 125 దాటితే ఎక్కువ. మీ వారి 96తో నేరుగా పోల్చకండి.

ఓరుగల్లు_అక్క: ఎంత వచ్చినా సరే, తను అన్నం తినేటప్పుడు ఆ మాట ఎవరినీ ఎత్తనివ్వకండి.