డార్క్ మ్యాటర్ కాంతినివ్వదు కదా, మరి టెలిస్కోపులతో వెతకడం ఏంటి?

ప్రశ్న:
డార్క్ మ్యాటర్ వెలుగునివ్వదు, పీల్చుకోదు అంటారు. మరి దాని కణాల కోసం గామా కిరణాల టెలిస్కోపులు పెట్టి ఆకాశమంతా గాలించడం ఎందుకు? పాలపుంత మధ్యలో లెక్కకు మించి గామా కిరణాలు కనపడ్డాయని, అది డార్క్ మ్యాటరే కావచ్చని ఒకచోట చదివాను, ఇంకోచోటేమో పల్సర్ల (గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాల) పనే అన్నారు. ఇన్నేళ్లయినా ఎందుకు తేలడం లేదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1:
వెతికేది దాని వెలుగు కోసం కాదండి, అది నాశనమైతే మిగిలేవాటి కోసం. వింప్‌ల (డార్క్ మ్యాటర్ ఇవే కావచ్చని ఊహిస్తున్న, మామూలు పదార్థంతో దాదాపు కలవని బరువైన కణాల) లాంటివి రెండు ఎదురుపడితే ఒకదాన్నొకటి నాశనం చేసుకుని మామూలు కణాలుగా మారతాయని, అవి కూడా విడిపోయి చివరికి గామా కిరణాలు, పాజిట్రాన్లు (ఎలక్ట్రాన్ల ప్రతికణాలు), యాంటీప్రోటాన్లు (ప్రోటాన్ల ప్రతికణాలు), న్యూట్రినోలు (ఆవేశం లేకుండా దేన్నైనా దాటిపోగల అతి తేలిక కణాలు) మిగులుతాయని ఊహ. రెండు కణాలు కలవాలి కాబట్టి సాంద్రత రెట్టింపైతే సంకేతం నాలుగింతలవుతుంది. డార్క్ మ్యాటర్ బాగా దట్టంగా ఉండేది పాలపుంత కేంద్రంలో కాబట్టి అందరి చూపూ దాని మీద పడింది. ఫెర్మి అనే గామా కిరణాల టెలిస్కోపు 2008లో అంతరిక్షానికి వెళ్తే, 2009లోనే గుడెనఫ్, హూపర్ ఆ డేటాలో ఈ అదనపు కిరణాలను చూపించారు. గొడవంతా ఎక్కడంటే, మిల్లీసెకండ్ పల్సర్లు కూడా దాదాపు అదే శక్తి దగ్గర, అంటే కొన్ని గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికీ బరువుకీ వాడే కొలత) దగ్గర, అలాగే వెలుగుతాయి. విడివిడిగా పట్టుబడనంత మసకగా అవి వేలల్లో ఉంటే మనకు కనపడేది ఇదే.

జవాబు 2:
నన్నడిగితే ఆ కేంద్రాన్నే పట్టుకుని కూర్చుంటే ఎప్పటికీ తేలదు, అక్కడ వేరే వాటినుంచి వచ్చే గామా కిరణాల రొద ఎక్కువ. మరుగుజ్జు గెలాక్సీలను చూడాలి. డ్రాకో, సెగ్యూ 1 లాంటి వాటిలో నక్షత్రాలు తక్కువ, గ్యాస్ దాదాపు లేదు, బరువంతా డార్క్ మ్యాటర్‌దే, కాబట్టి అక్కడ గామా కిరణాలు వస్తే వేరే సాకు దొరకదు. 2015లో ఫెర్మి బృందం 15 మరుగుజ్జు గెలాక్సీలను ఆరేళ్ల డేటాతో వెతికితే ఏమీ రాలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చారని కాదు, సుమారు 100 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపు బరువున్న వింప్‌లలో మామూలుగా ఊహించే రకాలు కొన్నిటిని దాంతో పక్కన పెట్టేయగలిగారు. పాజిట్రాన్ల కథ కూడా ఇంతే: లెక్కకు మించిన పాజిట్రాన్లను పమేలా అనే ఉపగ్రహ పరికరం చూసింది, స్పేస్ స్టేషన్ మీదున్న ఏఎంఎస్ అనే కణాల డిటెక్టర్ 2013లో ఖాయం చేసింది, కానీ పాజిట్రాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అయస్కాంత క్షేత్రాల్లో దారి వంకరపోయి ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేం, పైగా దగ్గర్లోని పల్సర్లు కూడా పాజిట్రాన్లను పుట్టిస్తాయి.

జవాబు 1:
మరుగుజ్జు గెలాక్సీల సంగతి ఒప్పుకుంటాను. కానీ వాటిలో డార్క్ మ్యాటర్ ఎంతుందో లెక్కగట్టేది కొద్దిపాటి నక్షత్రాల వేగాలను బట్టే కదా, సెగ్యూ 1 లాంటి చిన్నవాటిలో ఆ లెక్క చాలా అటూ ఇటూ అవుతుంది. ఆ హద్దులను రాతిమీద గీత అనుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. న్యూట్రినోలు తిన్నగానే వస్తాయి కదా, వాటితో తేల్చలేరా?

జవాబు 3:
ఆ పని దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో డిటెక్టర్ చేస్తోంది, ఘన కిలోమీటరు మంచులో 5,160 సెన్సర్లు. నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే. డార్క్ మ్యాటర్ కణాలు సూర్యుడి గుండా వెళ్తూ పరమాణు కేంద్రకాలకు తగిలి వేగం తగ్గి లోపలే చిక్కుకుపోతే, అక్కడ పోగై ఒకదాన్నొకటి నాశనం చేసుకుంటాయి. కేంద్రంలో పుట్టిన గామా కిరణాలు బయటకు రాలేవు, న్యూట్రినోలు వస్తాయి. సూర్యుడిలో సంలీనం వల్ల వచ్చే న్యూట్రినోల శక్తి 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటదు, కాబట్టి దానికి వందల రెట్ల శక్తితో సూర్యుడి దిక్కునుంచి న్యూట్రినోలు గుంపుగా వస్తే పల్సర్ల పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. కాస్మిక్ కిరణాలు సూర్యుడి పైపొరను తాకినా అలాంటివి కొన్ని పుడతాయి, అయితే చాలా తక్కువ. ఇప్పటిదాకా అలాంటి గుంపు మాత్రం కనపడలేదు.