టైటానిక్ మధ్య ప్రొపెల్లర్‌కు మూడు రెక్కలా, నాలుగా?

బాల్సాబాబు: 1:200 స్కేలులో టైటానిక్ చెక్క మోడల్ చేస్తున్నాను. హల్‌కు, అంటే ఓడ మేనుకు, పలకలు అతికించడం, సాండింగ్ అయిపోయాయి. ఇక వెనకవైపు పని. కిట్‌లో మధ్య ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలున్నాయి. కానీ ఎవరు మోడల్ ఫోటో పెట్టినా కింద "అది తప్పు, మూడే" అని ఒకరు తగులుకుంటున్నారు. ఏది పెట్టమంటారు?

పాతనౌక: నాలుగే. టైటానిక్ జోడీ ఓడ ఒలింపిక్ ఫోటోల్లో నాలుగూ స్పష్టంగా కనిపిస్తాయి. ఒకే యార్డు, ఒకే డిజైను. అక్కకి నాలుగుంటే చెల్లికి మూడెందుకుంటాయి?

కొలబద్ద: చిక్కంతా అక్కడే ఉంది, అవి ఒలింపిక్ ఫోటోలు. ప్రొపెల్లర్లు బిగించాక టైటానిక్ అడుగు భాగం కనిపించే ఫోటో ఒక్కటీ బయటపడలేదు. ఓడ కట్టిన బెల్‌ఫాస్ట్ హార్లాండ్ అండ్ వుల్ఫ్ వాళ్ల ఇంజనీరింగ్ నోట్‌బుక్‌లో మాత్రం టైటానిక్ మధ్య ప్రొపెల్లర్‌కు మూడు రెక్కలు, 17 అడుగుల వ్యాసం అని ఉంది. ఒలింపిక్‌ది నాలుగు రెక్కలు, 16 అడుగుల 6 అంగుళాలు. పక్కవాటిని పిస్టన్ ఆవిరి ఇంజన్లు తిప్పితే మధ్యదాన్ని టర్బైన్ తిప్పేది. అంత పెద్ద లైనర్లలో ఆ ఏర్పాటు అప్పటికి కొత్త. ఒలింపిక్ 1911 జూన్‌లో ప్రయాణాలు మొదలుపెట్టింది, టైటానిక్ 1912 ఏప్రిల్‌లో. ఈలోగా రెక్కలు మార్చి చూశారంటే వింతేముంది?

పాతనౌక: నోట్‌బుక్‌లో రాసిందల్లా ఓడకు బిగించినట్టేనా? తర్వాత మనసు మార్చుకుని ఉండొచ్చు.

కొలబద్ద: ఉండొచ్చు. మార్చారనడానికి కాగితం చూపించండి, ఒప్పుకుంటాను. మూడుకి ఒక రికార్డైనా ఉంది.

రంపంపొట్టు: శిథిలాల్లో చూసి తేల్చుకుందామన్నా మధ్యది బురదలో కూరుకుపోయింది. ఇక పని సంగతి. 17 అడుగులంటే ఈ స్కేలులో దాదాపు 26 మి.మీ., రెండోది 25. చుక్కాని ముందున్న ఖాళీని 26 కంటే కాస్త ఎక్కువే తొలవండి, ఏదైనా పడుతుంది. ఇత్తడి షాఫ్ట్‌కి జిగురు మాత్రం పెట్టకండి, తర్వాత ప్రొపెల్లర్ మార్చాలన్నా వీలుంటుంది. అసలు పక్క రెండూ చూశారా? అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, కాబట్టి రెక్కల వంపు ఒకదానికి కుడికి, ఇంకోదానికి ఎడమకి ఉండాలి. నాకొచ్చిన కిట్‌లో రెండూ ఒకేవైపువి! ఇది మాత్రం ఎవరికీ పట్టదు.

బాల్సాబాబు: ఇప్పుడే చూశాను, నావీ అంతే. ఎలాగూ ఒకటి కొత్తగా చేయాలి కాబట్టి ఇత్తడి రేకుతో మధ్యదానికీ మూడు రెక్కలు కోసేస్తాను.

పాతనౌక: సరే, మీ ఇష్టం. ఆ నాలుగు రెక్కలది పారేయకండి, నాకివ్వండి. నేను ఒలింపిక్ చేస్తున్నాను.