జపాన్ రెండో గోల్: బంతి లైన్ దాటిందా, దాటలేదా?

జర్మన్_గోడ
రాత్రి నిద్ర లేదు, కోపంలో రాస్తున్నా, సర్దుకోండి. నిన్న, 2022 డిసెంబర్ 1న, ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జపాన్–స్పెయిన్ మ్యాచ్, 51వ నిమిషం. దోవాన్ వేసిన బంతి గోల్ ముందునుంచి అవతలివైపుకి జారిపోతుంటే మిటోమా పరిగెత్తుకొచ్చి వెనక్కి తిప్పాడు, తనాకా లోపలికి నెట్టేశాడు. టీవీలో చూపించిన ప్రతి యాంగిల్‌లోనూ బంతికీ మైదానం చివరి తెల్లగీతకీ మధ్య పచ్చగడ్డి కనిపిస్తోంది. మొదట గోల్ ఇవ్వలేదు కూడా. తర్వాత వీఏఆర్ గదిలో, అంటే వీడియో చూసి రిఫరీకి చెప్పే గదిలో, కూర్చున్నవాళ్లు ఇప్పించారు.

ఆ ఒక్క గోల్ లేకపోతే మ్యాచ్ 1-1. గ్రూప్‌లో స్పెయిన్‌కి 5 పాయింట్లు, మా జర్మనీకీ జపాన్‌కీ చెరో 4, గోల్ తేడాలో మేమే ముందు, రెండో స్థానంతో తర్వాతి రౌండ్‌కి వెళ్లేవాళ్లం. కోస్టారికాని 4-2తో కొట్టి కూడా మేం ఇంటికెళ్తున్నాం. ఆ పచ్చగడ్డి ఏమిటో ఎవరైనా చెప్పండి. జర్మనీ ఎలా ఆడింది అనే పాఠాలు మాత్రం వద్దు.

బెంచి_మీద
"మేం" అంటే ఎవరు గురూ? పాస్‌పోర్టు ఎప్పుడు మార్చావు?

జెండా_పట్టినోడు
పచ్చగడ్డి గురించి అడిగారు కాబట్టి దాని గురించే చెప్తాను. రూల్ ప్రకారం బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే అవుట్, నేలమీదైనా గాల్లోనైనా. బంతి గుండ్రంగా ఉంటుంది. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా దాదాపు 22. నేలను తాకేది అడుగున ఉన్న చిన్న చోటు మాత్రమే. అంటే ఆ చోటు గీత బయటి అంచుకి ఇంచుమించు 11 సెంటీమీటర్లు అవతల ఉన్నా, బంతి పొట్ట ఇంకా గీత మీదే ఉంటుంది. పైనుంచి నిలువుగా చూస్తేనే అది తెలుస్తుంది. పక్కనుంచి, అదీ ఏటవాలుగా చూస్తే మధ్యలో గడ్డి కనిపించి తీరుతుంది. మీరు చూసింది నిజమే, అది అవుట్ అనడానికి మాత్రం పనికిరాదు. పైనుంచి తీసిన ఏజెన్సీ ఫొటో ఒకటి రాత్రి నుంచి తిరుగుతోంది, అందులో బంతి అంచు గీత మీద ఉంది. చూడండి.

జర్మన్_గోడ
ఫొటో చూశాను. నిలువుగా పైనుంచే తీశారని మీకెవరు చెప్పారు? ఆ కెమెరా కూడా కాస్త ఏటవాలుగా ఉందేమో. పక్క యాంగిల్ అబద్ధం చెప్తే పై యాంగిల్ నిజమే చెప్తుందని నమ్మకమేమిటి? ఇంకోటి. గోల్‌లైన్ టెక్నాలజీ ఉంది కదా, గోల్ అయితే రిఫరీ వాచీకి సిగ్నల్ వెళ్తుంది. ఇక్కడ ఆ మెషీన్ ఎందుకు మాట్లాడలేదు?

జెండా_పట్టినోడు
ఆ వాచీ చెప్పేది గోల్‌పోస్టుల మధ్య బంతి లోపలికి వెళ్లిందా లేదా అన్నది ఒక్కటే. ఇది పోస్టు బయట జరిగింది. వీఏఆర్ వాళ్లు గోల్‌లైన్ మీద ఉన్న కెమెరాల బొమ్మలు చూసి చెప్పాలి, అదే చేసి ఉంటారు.

జర్మన్_గోడ
"చేసి ఉంటారు." చూశారా, మీకూ తెలీదు.

మిడ్‌ఫీల్డ్_మావయ్య
పాఠాలు వద్దన్నాడు గానీ నేను ఆగలేను. జపాన్ మీద 75వ నిమిషం దాకా 1-0తో ముందుండి, దోవాన్‌కి ఒకటి, అసానోకి ఒకటి ఇచ్చుకుని 2-1తో ఓడిందెవరు? స్పెయిన్‌తో ఫుల్‌క్రుగ్ 83వ నిమిషంలో కాపాడితే గానీ డ్రా రాలేదు. నిన్న కోస్టారికా మీద 70వ నిమిషంలో 2-1తో వెనకబడింది కూడా మీరే. 2018లో కొరియా చేతిలో 2-0 ఓడి గ్రూప్‌లో అట్టడుగున ఉండి ఇంటికెళ్లినప్పుడు ఏ గీత అడ్డొచ్చింది? సొంత చేతిలో ఉన్నదాన్ని పారేసుకుని పక్క స్టేడియంలో బంతి ఎక్కడుందో కొలవడమేమిటి!

జర్మన్_గోడ
ఇదే వద్దన్నాను. జర్మనీ చెత్తగా ఆడింది, ఒప్పుకున్నా. చెత్తగా ఆడినవాడికి రూల్ వర్తించదా?

కుట్ర_కోణం
ఎవరూ అసలు విషయం మాట్లాడట్లేదు. స్పెయిన్ కావాలనే ఓడింది. గ్రూప్ టాప్ వస్తే క్రొయేషియా, ఆ తర్వాత క్వార్టర్స్‌లో బ్రెజిల్ దారి. రెండో స్థానం వస్తే మొరాకో. గోల్ ఇచ్చారో లేదో అనవసరం, స్పెయిన్ వాళ్ల మొహాలు చూడండి, ఎవరైనా గట్టిగా గొడవ పెట్టుకున్నారా?

మిడ్‌ఫీల్డ్_మావయ్య
కోస్టారికా 2-1తో ముందున్న ఆ మూడు నిమిషాలు స్పెయిన్ కూడా టోర్నీ బయటే ఉంది బాబూ. హవెర్ట్స్ సమం చేశాక బతికింది. కావాలని ఓడేవాడు ఉరితాడు మెడకి వేసుకుని ఓడడు.

మూడు_సింహాలు
జర్మనీ అభిమాని గీత గురించి ఏడుస్తుంటే చూడటానికి పన్నెండేళ్లు ఆగాను. 2010 జూన్ 27, బ్లూమ్‌ఫాంటైన్. జర్మనీ మీద మా ఇంగ్లండ్ 2-1తో వెనకుంది, మా లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కి తగిలి గీతకి బారెడు లోపల పడింది. మీ గోల్‌కీపర్ నోయర్ తీసుకుని ఏమీ జరగనట్టు ఆడేశాడు, తర్వాత తనే చెప్పాడు, గీత దాటిందని తెలుసు, చకచకా ఆడేస్తే రిఫరీ నమ్ముతాడనుకున్నానని. 2-2 కావాల్సిన మ్యాచ్ 4-1 అయింది. ఆ రోజు నా చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆటలో భాగం" అని నవ్వారు. ఇప్పుడు నేనంటున్నా, ఆటలో భాగం.

జర్మన్_గోడ
1966లో మీకూ మాకూ జరిగిన ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? వెంబ్లీలో మీ హర్స్ట్ కొట్టింది బార్‌కి తగిలి కింద పడితే లైన్స్‌మన్ తలూపాడు, గోల్. అది దాటలేదు. లెక్క సరిపోయింది.

మూడు_సింహాలు
దాటింది.

జర్మన్_గోడ
దాటలేదు.

మూడు_సింహాలు
దాటింది. కప్పు మా దగ్గరే ఉంది.

బెంచి_మీద
ఇద్దరూ అప్పటికి పుట్టలేదు 😂

జెండా_పట్టినోడు
2010లో లాంపార్డ్ గోల్ పోయాకే కదా ఫిఫా మనసు మార్చుకుంది, 2012లో గోల్‌లైన్ టెక్నాలజీకి ఒప్పుకున్నారు, 2014 ప్రపంచకప్‌లో వాడారు. మనిషి కన్ను తప్పు చేస్తుందనే మెషీన్లు పెట్టాం. ఇప్పుడు మెషీన్ సరిగ్గా చెప్తే "నా కంటికి కనిపించలేదు" అంటున్నారు.

జర్మన్_గోడ
సరిగ్గా చెప్పిందని మీరు అనుకుంటున్నారు. అదీ గాక, ఇంకో మాట అనేస్తాను, తిట్టుకోండి. బంతి 18 శాతం సేపు కూడా దగ్గర లేని జట్టు గ్రూప్ టాప్. మొదటి సగమంతా గోల్ ముందు గోడ కట్టి, రెండో సగంలో మొదటి ఆరు నిమిషాల్లో రెండు కొట్టి, మళ్లీ గోడ. ఇదా ఫుట్‌బాల్? ఇలాంటి ఆటకి ఇలాంటి గోలే దక్కుతుంది.

నీలి_సమురాయ్
ఇంతసేపూ ఊరుకున్నాను. ఇదన్నమాట లోపలున్నది. గీత కాదు, గడ్డి కాదు, జపాన్ నెగ్గడమే మింగుడు పడట్లేదు. నాలుగుసార్లు కప్పు గెలిచిన జట్టునీ, ఒకసారి గెలిచిన జట్టునీ ఒకే గ్రూప్‌లో వెనకనుంచి వచ్చి ఓడించారు. బంతి ఎంతసేపు పెట్టుకున్నారన్నదానికి పాయింట్లు ఇస్తారా? స్పెయిన్ వెయ్యి పాస్‌లు వేసుకుంటే వేసుకోనీ, అవి ఎటు వెళ్లాయి? మిటోమా ఆ బంతిని వదిలేసి ఉండొచ్చు, పోయిందిలే అని. ఎవడైనా వదిలేస్తాడు. అతను వదల్లేదు. ఇదే గోల్ ముసియాలా వేయించి ఉంటే "చివరిదాకా వదలని జర్మన్ పట్టుదల" అని నువ్వే ఇక్కడ పేజీలు నింపేవాడివి.

జర్మన్_గోడ
జపాన్ మీద నాకేం కోపం లేదు.

నీలి_సమురాయ్
ఇప్పుడే రాసిందేమిటి మరి? పైకి వెళ్లి చదువుకో.

మిడ్‌ఫీల్డ్_మావయ్య
జపాన్ కోస్టారికా చేతిలో 1-0 ఓడింది కూడా ఇదే గ్రూప్‌లో, అదెందుకు మర్చిపోతారు. మీ సమురాయ్‌లు గోడ కట్టుకునేవాళ్లకి గోల్ కొట్టలేరు, గోడ తాము కడితేనే బాగుంటారు. ఇది మెచ్చుకోలే, తిట్టు కాదు.

నీలి_సమురాయ్
మీ మెచ్చుకోలు మీ దగ్గరే పెట్టుకోండి మావయ్యా.

జెండా_పట్టినోడు
నాకెందుకు కాలుతోందో చెప్తాను. కాలేజీ టోర్నీ ఫైనల్‌కి లైన్స్‌మన్‌గా నిలబెట్టారు నన్ను. అచ్చం ఇలాంటి బంతే. నేను గీతకి తిన్నగా నిలబడి ఉన్నాను, దాటలేదు, జెండా ఎత్తలేదు, గోల్ అయింది. మ్యాచ్ అయ్యాక చొక్కా పట్టుకున్నారు. ఎవడో పక్కనుంచి ఫోన్‌లో తీసిన ఫొటో, మధ్యలో ఇంత పచ్చగడ్డి, గ్రూపులన్నిటికీ పంపారు. డబ్బు తిన్నాడన్నారు. అందులో నా స్నేహితులూ ఉన్నారు. ఆ తర్వాత మళ్లీ జెండా పట్టలేదు. అందుకే ఎవరైనా పక్క ఫొటో పట్టుకుని "మోసం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కళ్ల ముందు నిలబడ్డవాడి మాట అక్కర్లేదు, ఎక్కడో కూర్చుని ఏటవాలుగా చూసినవాడి మాట కావాలి.

గ్యాలరీ_గోల
అయ్యో అన్నా.

బెంచి_మీద
ఇప్పుడే చూశాను, ఫిఫా వీడియో పెట్టింది. గోల్‌లైన్ కెమెరాల బొమ్మలు చూసే తేల్చారట, మిగతా కెమెరాలు తప్పుదారి పట్టిస్తాయట, బంతి పూర్తిగా బయటికి పోలేదట. కథ కంచికి.

నీలి_సమురాయ్
జర్మన్ గోడ గారూ, ఉన్నారా?

జర్మన్_గోడ
ఉన్నాను. చూశాను. వెంట్రుకవాసి గీత మీద ఉన్నట్టే ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న వినండి. ఈ బొమ్మ వాళ్ల దగ్గర నిన్న రాత్రే ఉంది. దీన్ని చూసే తీర్పిచ్చారు. మ్యాచ్ జరిగిన ఖలీఫా స్టేడియంలో అంతమంది కూర్చుని ఉన్నారు, ప్రపంచమంతా టీవీల ముందు ఉంది, ఒక్కరికీ చూపించలేదు. మ్యాచ్ అయిపోయింది, ఒక జట్టు ఇంటికెళ్లింది, మర్నాడు తీరిగ్గా పెట్టారు. ఇదే టోర్నీలో ఆఫ్‌సైడ్‌కి ఏం చేస్తున్నారు? స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, బంతి లోపల సెకనుకి 500 సార్లు కబురు పంపే సెన్సార్, ఆటగాడి భుజం ఎంత ముందుందో త్రీడీ బొమ్మ చేసి స్క్రీన్ మీద వేస్తున్నారు. భుజానికి బొమ్మ ఉంది, ఒక జట్టుని ఇంటికి పంపిన బంతికి లేదా?

జెండా అన్నా, మిమ్మల్ని నమ్మలేదని ఇన్నేళ్లయినా బాధపడుతున్నారు. ఆ రోజు మీ దగ్గర పైనుంచి తీసిన ఫొటో ఉండి ఉంటే జేబులో దాచుకునేవారా? వీళ్ల దగ్గర ఉంది, దాచుకున్నారు.

జెండా_పట్టినోడు
దాచుకోలేదు, పని చూసుకున్నారు. తేడా ఉంది. తీర్పు చెప్పేది రిఫరీ, గ్యాలరీ కాదు. ప్రతిసారీ జనానికి రుజువు చూపించి ముందుకెళ్లాలంటే, రేపు ప్రతి త్రోకీ ప్రతి కార్నర్‌కీ బొమ్మ అడుగుతారు. చూపించినా నమ్మరు. పొద్దున పైనుంచి తీసిన ఫొటో చూపిస్తే మీరేమన్నారు? కెమెరా ఏటవాలుగా ఉందేమో అన్నారు. నిన్న రాత్రి ఇదే వీడియో స్క్రీన్ మీద వేసినా మీరు అదే అనేవారు.

జర్మన్_గోడ
అనేవాడినేమో. కానీ అందరి ముందూ అనేవాడిని, మీరంతా అక్కడికక్కడే నా నోరు మూయించేవారు. ఇప్పుడు జర్మనీలో సగంమంది, వీడియో వచ్చినా, జీవితాంతం "బంతి బయటికెళ్లింది" అనే చెప్పుకుంటారు. 1966 లాగే. అది జపాన్‌కి మంచిదా? చెప్పండి సమురాయ్ గారూ, మీ గోల్ మీద ఆ మచ్చ మీకిష్టమేనా?

నీలి_సమురాయ్
ఆ మచ్చ పెట్టింది నువ్వు, ఫిఫా కాదు. అయినా ఓడినప్పుడే ఈ పారదర్శకత గుర్తొస్తుంది అందరికీ.

జర్మన్_గోడ
ఓడినవాడే అడుగుతాడు. గెలిచినవాడికి రుజువుతో పనేముంది?

మూడు_సింహాలు
ఇది మాత్రం నిజం. 2010లో అడిగింది మేమే, మీరు కాదు.

మిడ్‌ఫీల్డ్_మావయ్య
స్టేడియంలో చూపించకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, గొడవలు. వేలమందికి అలాంటి బొమ్మ చూపిస్తే సగంమంది దాటింది అంటారు, సగంమంది లేదంటారు, లోపల సీట్లు విరుగుతాయి. అదలా ఉంచి, జర్మనీ జపాన్ మీద ఆ రెండు గోల్స్ ఇచ్చుకోకపోతే...

గ్యాలరీ_గోల
మావయ్యా ఆపు.

కుట్ర_కోణం
మర్నాడు ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఆ వీడియో తయారు చేయడానికి ఒక రాత్రి సరిపోతుంది.

జెండా_పట్టినోడు
ఇదిగో. చూపిస్తే వచ్చేది ఇదే. నేను చెప్పలేదా?

జర్మన్_గోడ
ఆలస్యంగా చూపిస్తే వచ్చేది ఇది. నేను చెప్పింది అదీ.

బెంచి_మీద
ఘనా–ఉరుగ్వే మొదలైంది. ఘనాకి పెనాల్టీ ఇచ్చారు, అయూ కొడితే గోల్‌కీపర్ ఆపేశాడు! 2010 ప్రపంచకప్‌లో ఘనా గోల్‌ని చేత్తో ఆపిన ఉరుగ్వే సువారెజ్ మైదానంలోనే ఉన్నాడు, ఆ కథ మళ్లీ మొదలు. ఎవరైనా చూస్తున్నారా, అందరూ ఇంకా గీత దగ్గరే ఉన్నారా?

జర్మన్_గోడ
చూస్తున్నా. ఆ పెనాల్టీ ఇచ్చేముందు రిఫరీ స్క్రీన్ దగ్గరికెళ్లి చూశాడు, తను చూసింది మనకీ చూపించారు. ఘనా ఓడినా ఉరుగ్వే ఓడినా ఆ పెనాల్టీ గురించి రేపు ఇక్కడ ఇలాంటి చర్చ ఉండదు.

కుట్ర_కోణం
ఉంటుంది, నేను పెడతాను.