రాత్రి డ్యూటీ దిగాక పరగడుపు షుగర్ ఎక్కువ వస్తోంది: కార్టిసాల్ పరీక్ష చేయించుకోవాలా?

సి_షిఫ్టు_యర్రగుంట్ల:
నా వయసు 41. యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా షిఫ్టుల్లో పనిచేస్తున్నాను. మొన్న సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) ముగించుకొని, పొద్దున ఆరున్నరకు నిద్రపోకుండానే ల్యాబుకు వెళ్లి రక్తం ఇస్తే పరగడుపు షుగర్ 118 వచ్చింది. పగటి షిఫ్టు వారాల్లో ఇంటి మీటరులో ఎప్పుడు చూసుకున్నా 98 దాటలేదు. రాత్రి భోజనం రెండు సందర్భాల్లోనూ తొమ్మిదికే ముగుస్తుంది. ఇదంతా టెన్షన్ హార్మోను పని అని, కార్టిసాల్ పరీక్ష చేయించుకొమ్మని తోటి ఉద్యోగి అంటున్నాడు. తెలిసినవారు వివరించగలరు.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
జీవశాస్త్రం బోధించినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. కార్టిసాల్‌ను 'టెన్షన్ హార్మోను' అని తీసిపారేయడం సరికాదు. అది లేకపోతే మనం పొద్దున మంచం దిగలేము. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఈ హార్మోను నడిరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉండి, తెల్లవారుజామున పెరగడం మొదలుపెట్టి, నిద్ర లేచిన 30-45 నిమిషాలకు శిఖరానికి చేరి, ఆపైన పొద్దు గూకేదాకా తగ్గుతూ పోతుంది. అది కాలేయం చేత గ్లూకోజును తయారు చేయిస్తుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినడాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకే ఏమీ తినకపోయినా తెల్లవారేసరికి షుగర్ కొంత పెరగవచ్చు.

చిక్కంతా పెరగడంలో లేదు, తగ్గవలసిన వేళకు తగ్గకపోవడంలో ఉంది. 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, సాయంత్రపు కార్టిసాల్ పెరిగింది, గ్లూకోజును సర్దుకునే శక్తి తగ్గింది. మీ విషయంలో శరీరపు గడియారం పగటి మనిషిదే, డ్యూటీ మాత్రం రాత్రి మనిషిది. వారం రోజుల్లో ఆ గడియారం పూర్తిగా తిరగబడదు.

రక్త_నమూనా (కడప):
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఉదయం ఒక్కసారి తీసిన కార్టిసాల్ అంకె మీ ఒత్తిడి గురించి ఏమీ తేల్చదు; ఆ వేళకు అది ఎవరికైనా ఎక్కువగానే ఉంటుంది. కుషింగ్ వ్యాధి (ఒంట్లో కార్టిసాల్ మితిమీరి తయారయ్యే జబ్బు) అనుమానం ఉన్నప్పుడు అర్ధరాత్రి లాలాజలంలో చూసే పద్ధతి ఉన్నది కానీ, షిఫ్టులు మారేవారికి అదీ నమ్మదగినది కాదు. ప్యాకేజీలో ఉన్నది కదా అని డబ్బు పోయకండి. హెచ్‌బీఏ1సీ చేయించండి, అది సుమారు మూడు నెలల షుగర్ సగటును చూపుతుంది. 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటారు.

రెండు ప్రశ్నలు. మోకాళ్ల నొప్పికో ఆయాసానికో మందుల షాపులో ఊరకే అడిగి తెచ్చుకున్న మాత్రలేమైనా వాడుతున్నారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది. ఇక, ఆ రాత్రి టీ తాగారా?

అనంతపురం_గృహిణి:
మా ఆయనదీ రాత్రి డ్యూటీయే. దిగగానే దారిలో ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిని, ఎండ కిటికీలోంచి పడే గదిలో పడుకొని పది గంటలకల్లా లేచేవారు. కిటికీకి నల్లటి దుప్పటి కట్టాక మధ్యాహ్నం రెండు దాకా కదలడం లేదు. బజ్జీలు మాన్పించడం నా వల్ల కాలేదు.

సి_షిఫ్టు_యర్రగుంట్ల:
మాత్రలేవీ వాడటం లేదు. టీ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. రెండు గంటలకు ఒకటి, నాలుగున్నరకు ఒకటి, ఫ్లాస్కులోంచి, చక్కెరతోనే. టీ కూడా పరగడుపును చెడగొడుతుందని నాకు తోచనే లేదు.

రక్త_నమూనా (కడప):
ఎనిమిది గంటలు నీళ్లు తప్ప మరేమీ తీసుకోకుంటేనే పరగడుపు. నాలుగున్నర టీకి, ఆరున్నర నమూనాకు మధ్య రెండు గంటలే ఉన్నాయి. ఆ 118లో కార్టిసాల్ వాటా ఎంతో, చక్కెర వాటా ఎంతో ఇప్పుడు విడదీయలేము. పగటి షిఫ్టు వారంలో, కనీసం మూడు రాత్రులు సరిగా నిద్రపోయాక, హెచ్‌బీఏ1సీతో పాటు మళ్లీ ఇవ్వండి. రెండు కాగితాలూ తీసుకొని వైద్యుడిని కలవండి.

సి_షిఫ్టు_యర్రగుంట్ల:
సోమవారం నుంచి నాకు 'ఎ' షిఫ్టు, అంటే పగటి డ్యూటీ. గురువారం ఇస్తాను. నల్ల దుప్పటి మాత్రం ఈ రోజే కడుతున్నాను.