బ్రాండెన్‌బర్గ్‌కు బంగాళాదుంప తెచ్చింది లూయీస్ హెన్రియెట్టేనా?

పాతపటం:
ముప్పై ఏళ్ల యుద్ధం (1618–48) తర్వాత బెర్లిన్ చుట్టూ ఉన్న జర్మన్ రాజ్యం బ్రాండెన్‌బర్గ్‌ను నిలబెట్టినవాళ్లలో హాలండ్‌కు చెందిన ఆరెంజ్ వంశపు ఆడపడుచు లూయీస్ హెన్రియెట్ పేరు ముందుండాలి. 1627లో ద హేగ్‌లో పుట్టింది, 1646లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు (ఎలెక్టర్) ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్‌ను పెళ్లాడింది. 1650లో భర్త ఆమెకు బ్యోట్సో ఎస్టేటు రాసిచ్చాడు. హాలండ్ రైతుల్ని రప్పించి అక్కడ పాడి పెట్టించింది. ఆమె కట్టించిన కోట పేరే ఊరికీ వచ్చి ఒరానియన్‌బుర్గ్ అయింది. బంగాళాదుంప కూడా ఆవిడ చలవే అంటారు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

తేదీలచిట్టా:
తేదీలే కాదంటున్నాయండి. బెర్లిన్ కోట ముందున్న లుస్ట్‌గార్టెన్‌లో ఆ మొక్క నాటింది తోటమాలి మిహాయెల్ హాన్‌ఫ్, 1649లో అని చెబుతారు. అదీ పూల కోసం, అలంకారానికి. పెళ్లయ్యాక దంపతులు కాపురమున్నది బెర్లిన్‌లో కాదు, రైన్ పక్కన క్లేవ్‌లో. మొదటి కొడుకు 1649లో వేసెల్‌లో పోయాడు. ఆమె బెర్లిన్ చేరింది 1650లో.

పాతపటం:
రాజుగారి తోట సంగతి వదిలేయండి. నేనంటున్నది పొలం గురించి. హాలండ్ రైతులు వచ్చారు కదా, విత్తనం చేతపట్టుకుని రాలేదా?

ఆలుగడ్డ:
ఆ రైతుల దగ్గర మాత్రం ఎక్కడిది? 1650 నాటికి హాలండ్‌లో కూడా ఆలుగడ్డ తోటల్లో పెంచే వింత మొక్కే. పొలం పంటగా పాకింది తర్వాత.

పోనీ, తెచ్చారే అనుకుందాం. అప్పటి రకాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలవి. పగలు పన్నెండు గంటలకు దగ్గరపడితేగానీ దుంప సరిగా ఊరదు. బెర్లిన్‌లో అది సెప్టెంబరు చివర. అక్టోబరులో మంచు పడిందంటే ఆకు మాడిపోతుంది, తవ్వితే గోళీలంత దుంపలు. దానికితోడు అక్కడిది మూడు చెక్కల సేద్యం: ఒకదాంట్లో శీతాకాలపు రై ధాన్యం, ఇంకోదాంట్లో బార్లీ లేదా ఓట్స్, మూడోది పడావు. కోత కాగానే ఊరి మంద మొత్తం పొలాల మీద పడుతుంది. అక్టోబరు దాకా నేలలో ఉండాల్సిన పంటను ఒక్క రైతు ఎలా కాపాడతాడు? విత్తనపు దుంప చలికాలంలో గడ్డకట్టకుండా నేలమాళిగ కావాలి. ఎండ తగిలి పచ్చబడ్డ దుంప, కొమ్మకు కాసిన కాయ తింటే విషం. ఒకసారి కడుపునొప్పి వచ్చినవాడు మళ్లీ నాటడు.

తేదీలచిట్టా:
అందుకే ఆమె మునిమనవడు, ప్రష్యా రాజు రెండో ఫ్రీడ్రిష్ 1756లో కూడా ఆలుగడ్డ వేయించండని అధికారులకు ఉత్తర్వు పంపాల్సి వచ్చింది. నూరేళ్ల కిందే ఊళ్లలో పాతుకుపోయి ఉంటే ఆ కాగితంతో పనేముంది?

పాతపటం:
అయితే ఆవిడకు మిగిలేది ఏమిటి మరి?

ఆలుగడ్డ:
చాలానే. పాడి, వలస రైతులు, 1665లో పెట్టిన అనాథాశ్రమం, కోటలో పింగాణీ గది. అన్నిటికన్నా పెద్దది వారసత్వం: 1657లో ఆమెకు పుట్టిన ఫ్రీడ్రిష్ 1701లో ప్రష్యాలో రాజయ్యాడు. 1702లో ఆరెంజ్ వంశస్థుడే అయిన ఇంగ్లండ్ రాజు మూడో విలియం సంతానం లేకుండా పోతే, తల్లి పుట్టింటి ఆస్తి తనదని పేచీ పెట్టి లింగెన్, మ్యోర్స్ అనే జర్మన్ ప్రాంతాలు చేజిక్కించుకున్నాడు. ఆ తగవు 1732 దాకా నడిచింది.

పాతపటం:
ఒరానియన్‌బుర్గ్ తోటలో అసలు వేయనే లేదంటారా?

ఆలుగడ్డ:
వేసి ఉండొచ్చు. తోటలో నాలుగు మొక్కలుంటే దాన్ని సేద్యం అనరు.